అమెజాన్ ఎవరి అడవో చెప్పి చూపించండి: తెలుగు టూర్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

నమస్కారం.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి దక్షిణ అమెరికాకు గ్రూప్ టూర్లు నడుపుతున్న మీ అందరికీ ఈ ఉత్తరం. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన అమ్మానాన్నలకు అక్కడి నుంచే మచు పిచ్చు, రియో, అమెజాన్ కలిపి చూపిస్తున్న అక్కడి తెలుగు నిర్వాహకులకు కూడా.

మీ ప్యాకేజీలు చాలావాటిలో అమెజాన్‌కు దక్కేది ఒకటో రెండో రాత్రులు. బ్రెజిల్‌లోని మానౌస్‌లోనో పెరూలోని ఇకిటోస్‌లోనో దిగుతారు. రెండు నదుల నీళ్ళు కలవకుండా పక్కపక్కనే పారే చోటికి పడవలో తీసుకెళ్తారు. మధ్యాహ్నం ఒక ‘గిరిజన గ్రామం’, అక్కడ ఓ నృత్యం, బుగ్గల మీద ఎర్రరంగు, గ్రూప్ ఫొటో. దారిలో ఎవరో స్లాత్ (చెట్లకు వేలాడుతూ బహు నిదానంగా కదిలే జంతువు) పిల్లనో అనకొండనో తెచ్చి చేతికిస్తారు. సాయంత్రానికి మళ్ళీ హోటల్. తరతరాలుగా ఆ అడవిలో బతుకుతున్న మనుషులు తమ అడవి గురించి చెప్పే మాట ఆ రోజంతా ఎక్కడా వినపడదు. ప్రయాణికుడు కట్టిన డబ్బులో వాళ్ళకు ఎంత చేరిందో కరపత్రంలో ఉండదు.

నేను కోరేది ఒకటే. మీ టూర్లలో అమెజాన్ భాగాన్ని ఆ నేల సొంతదారులైన ఆదివాసీలు తామే నడుపుతున్న లాడ్జీలకు మార్చండి. ఇది జాలితో చేయాల్సిన పని కాదు. అడవిని, జంతువులను నిజంగా చూడాలనుకునే వాళ్ళకు అంతకంటే మంచి దారి లేదు. ఆ జంతువులు అక్కడ ఇంకా మిగిలి ఉండడానికి కారణం కూడా చాలాచోట్ల ఆ మనుషులే.

ఈక్వడార్‌లోని అన్యాంగు సంగతి చూడండి. నాపో నది ఒడ్డున, యసుని జాతీయ పార్కు లోపల ఉన్న కిచ్వా ఆదివాసీల ఊరు అది. దేశ రాజధాని కీటో నుంచి కోకా పట్టణానికి విమానంలో అరగంట. అక్కడి నుంచి మోటారు పడవలో నాపో మీద కిందికి రెండు గంటలకు పైగా ప్రయాణం. తర్వాత పడవ మారాలి. చిన్న వాగులోకి తిరిగాక తెడ్లు వేసుకుంటూనే వెళ్ళాలి, ఆ వాగులోకి మోటారు రాకూడదన్నది ఊరు పెట్టుకున్న కట్టుబాటు. గంటన్నర, రెండు గంటలు అలా సాగాక సరస్సు వస్తుంది. ఒడ్డున నాపో వైల్డ్‌లైఫ్ సెంటర్. దానికి యజమాని ఊరే. ఆ ఊరి సంరక్షణలో ఉన్న అడవి దాదాపు 21 వేల హెక్టార్లు, మన లెక్కలో 50 వేల ఎకరాలకు పైమాటే.

ఈ లాడ్జి పెట్టుకున్నాక ఆ ఊరివాళ్ళు అక్కడ వేట మానేశారు. ఆ మాట రాయడం తేలికే, చేయడం అంత తేలిక కాదు. అడవి పందీ కోతీ చేపా రోజువారీ తిండిగా ఉన్న ఇళ్ళు తమ పొయ్యి మీదికి వచ్చేదాన్ని వదులుకోవాలి. వదులుకున్నారు. అందుకే ఇవాళ ఆ సరస్సులో రాక్షస నీటికుక్కలు పిల్లలతో సహా కుటుంబాలుగా తిరుగుతున్నాయి. తోకతో కలిపి ఆరడుగుల దాకా పెరిగే ఈ జంతువు దక్షిణ అమెరికాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇరవయ్యో శతాబ్దంలో తోలు కోసం వేటాడి చాలా నదుల్లో దీన్ని తుడిచిపెట్టేశారు. ఇప్పుడది పడవ చూసి పారిపోకుండా తల పైకెత్తి గురగురమంటోందంటే, అక్కడ తుపాకీ పేలక చాలా కాలమైందని అర్థం.

నది ఒడ్డున మట్టి గోడలున్నాయి. పొద్దున్నే వందలకొద్దీ చిలుకలు వచ్చి ఆ మట్టిని ముక్కుతో గీరి తింటాయి. సముద్రానికి అంత దూరంలో, ఎడతెగని వానలకు కడిగేసిన నేలలో ఉప్పు దొరకదు. ఆ మట్టిలోని సోడియం కోసం అవి వస్తాయి. గద్ద తిరిగినా, వాన పడినా రావు. ఆ రోజు వస్తాయో రావో, ఏ వేళకు వెళ్ళి ఎక్కడ కదలకుండా కూర్చోవాలో చెప్పగలిగేది ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళే. అక్కడ ప్రతి చిన్న బృందానికీ ఇద్దరు గైడ్లు ఉంటారు. ఒకరు ఇంగ్లిష్‌లో వివరించే ప్రకృతి గైడు. రెండోవారు స్థానిక గైడు, ఆకుల కదలికను బట్టి ఏ కోతి వెళ్తోందో చెప్పేది ఆయనే. మీరు వెంట పంపే టూర్ మేనేజరు ఎంత చురుకైనవాడైనా ఆ పని చేయలేడు. చేయాల్సిన అవసరమూ లేదు, గైడు చెప్పింది తెలుగులో చెబితే చాలు.

అక్కడి ఆడవాళ్ళు విడిగా ఒక సాంస్కృతిక కేంద్రం నడుపుతున్నారు. తెల్లవారకముందే లేచి గుయూసా ఆకుల టీ కాచుకుని, రాత్రి వచ్చిన కలలు చెప్పుకోవడం కిచ్వా ఇళ్ళలో పాత అలవాటు. అతిథిని ఆ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంటారు. లాడ్జి ఆదాయం ఊరి బడికీ వైద్యానికీ వెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎందుకింత పట్టుబట్టి రాస్తున్నానంటే, యసుని కింద చమురు ఉంది. ఈక్వడార్‌లో నేల ఆదివాసీలదే అయినా నేల కింద ఉన్నది ప్రభుత్వానిది. 2008 రాజ్యాంగంలో ప్రకృతికే హక్కులు రాసుకున్న మొదటి దేశం అది, అయినా చమురు బావులు ఆగలేదు. 2023 ఆగస్టు 20న ఆ దేశ ప్రజలు యసునిలో చమురు తవ్వకానికి కేటాయించిన 43వ బ్లాకులో చమురు తీయడం ఆపాలా వద్దా అని ఓటేశారు. దాదాపు 59 శాతం ఆపమన్నారు. ఏడాదిలోగా ఆపాలని కోర్టు పెట్టిన గడువు దాటిపోయింది, బావుల మూసివేత నత్తనడక నడిచింది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. యసుని ఉన్న ఒరెయానా ప్రావిన్స్‌లో మాత్రం ఎక్కువ ఓట్లు చమురు వైపే పడ్డాయి.

ఆ ఓట్లు చూసి వాళ్ళకు అడవి అక్కర్లేదని అనుకోకండి. ఆ ప్రాంతంలో నెల జీతం అంటే చాలామందికి చమురు పనే. రోడ్డు, పడవ ఇంజను, ఆసుపత్రికి వెళ్ళే ఖర్చు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి. కీటోలో ఉన్నవాళ్ళు అడవి మిగలాలని ఓటేయడం ఒక ఎత్తు, కోకాలో పిల్లల ఫీజు కట్టాల్సిన తండ్రి అలా ఓటేయడం ఇంకో ఎత్తు. చమురు లేకుండా కూడా ఇల్లు గడుస్తుందని చూపించగలిగిన చోట పరిస్థితి వేరుగా ఉంది. నాపో మీద ఇంకాస్త దిగువన సానీ ఇస్లా అనే మరో కిచ్వా సమాజం తన సొంత లాడ్జి నడుపుకుంటోంది. 2013 ప్రాంతంలో ప్రభుత్వ చమురు సంస్థ వాళ్ళ నేల మీదికి రావాలనుకున్నప్పుడు ఆ ఊరు గట్టిగా వద్దని నిలబడింది. వద్దనడానికి ధైర్యం ఒక్కటే చాలదు, చేతిలో వేరే ఆదాయం కూడా ఉండాలి. మీ గ్రూపు అక్కడ నాలుగు రాత్రులు ఉంటే ఆ ఆదాయంలో ఒక భాగం మీదవుతుంది.

టూరిజం డబ్బు చమురు డబ్బుకు సమానం కాదని నాకు తెలుసు. అది అన్ని ఊళ్ళకూ సరిపోదు కూడా. అయినా నిలబడాలనుకుంటున్న ఊరికి అది ఊతం.

ఈ మాట మన తెలుగువాళ్ళకు కొత్తగా అనిపించకూడదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు విశాఖ ఏజెన్సీలోని బొర్రా పరిసర గ్రామాల గనుల గొడవ నుంచే పుట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. అరకు రైలెక్కి ఆ గుహలు చూసి వచ్చినవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? మన దగ్గర మనం చేసిన ఈ నిర్లక్ష్యాన్ని అంత దూరం మోసుకెళ్ళొద్దని నా మనవి.

సొంతంగా లాడ్జి నడపడం ఒక్కటే పద్ధతి కాదు. పెరూలో ప్వెర్తో మాల్దొనాదో పట్టణం దగ్గర తంబోపాటా నది మీద ఇన్ఫియర్నో అనే ఊరుంది. ఎసే ఎహా ఆదివాసీలు, కొండల నుంచీ నది వెంబడీ వచ్చి స్థిరపడ్డ ఇతరులూ కలిసి ఉంటారు. 1996లో ఆ ఊరు ఒక టూరిజం కంపెనీతో 20 ఏళ్ళ ఒప్పందం చేసుకుని పొసాదా అమజోనాస్ లాడ్జి కట్టింది. ఆ ఒప్పందం ప్రకారం లాభంలో 60 శాతం ఊరికి, 40 శాతం కంపెనీకి. నిర్ణయాలు మాత్రం సగం సగం. ఊరు ఎన్నుకున్న కమిటీ కూర్చుని లెక్కలు అడుగుతుంది, నియామకాలు తేలుస్తుంది, ఎక్కడ వేటాడకూడదో చెబుతుంది. నీటికుక్కలున్న సరస్సులో కొంత భాగాన్ని మనుషులకు మూసేశారు. ఒక కుటుంబం భూమిలో హార్పీ గద్ద గూడు ఉంటే, దాన్ని చూడడానికి వచ్చే అతిథుల వల్ల ఆ కుటుంబానికి డబ్బు వస్తుంది. హార్పీ చాలా నిదానంగా సంతానం పెంచే పక్షి, రెండు మూడేళ్ళకు ఒక్క పిల్ల. ఒక్క గూడున్న చెట్టు నరికితే పోయేది చెట్టొక్కటే కాదు. ఆ ఊరున్న మాద్రే దె దియోస్ ప్రాంతంలోనే బంగారం కోసం అడవిని కొట్టేసి, పాదరసం కలిపిన బురద గుంటలుగా మార్చేసిన నేల మైళ్ళకొద్దీ ఉంది. ఆ నేలకు, ఈ గూటి చెట్టుకు మధ్య దూరం ఎక్కువేం లేదు.

బొలీవియాలో మదీది పార్కులోని చలలాన్ లాడ్జిని సాన్ హోసే దె ఉచుపియామోనాస్ అనే ఊరివాళ్ళు బయటి సంస్థల సాయంతో మొదలుపెట్టి, 2001లో పూర్తిగా తమ చేతుల్లోకి తీసుకున్నారు. బ్రెజిల్‌లో ట్రెక్కింగ్ చేయగల కుర్రాళ్ళ గ్రూపులు మీ దగ్గర ఉంటే, యానోమామి ఆదివాసీలు యారిపో అని పిలిచే పీకో దా నెబ్లినా శిఖరం ఉంది. ఎత్తు 2,995 మీటర్లు, ఆ దేశంలో అన్నిటికంటే ఎత్తైనది. చాలా ఏళ్ళు సందర్శకులకు మూసి ఉన్న ఆ దారిని యానోమామిలే 2022లో తమ నియమాల ప్రకారం తెరిచారు. అక్కడ ఆదివాసీ భూముల్లోకి టూరిస్టులు వెళ్ళాలంటే ముందుగా ఆమోదం పొందిన ప్రణాళిక ఉండాలని 2015 నుంచి ప్రభుత్వ నిబంధన ఉంది. ఏజెంటు ‘అదంతా మేం చూసుకుంటాం’ అంటే ఆ కాగితం చూపించమనండి.

ఇక వెంటనే ఆపేయాల్సినవి.

స్లాత్‌ను ఒళ్ళో పెట్టుకునే ఫొటో మొదటిది. 2017లో వరల్డ్ యానిమల్ ప్రొటెక్షన్ సంస్థ మానౌస్, ఇకిటోస్ చుట్టుపక్కల ఈ వ్యాపారాన్ని పరిశోధించి బయటపెట్టింది. అడవి నుంచి పట్టుకొచ్చిన జంతువును రోజంతా చేతులు మారుస్తారు. స్లాత్ ముఖం చూస్తే నవ్వుతున్నట్టే ఉంటుంది, అది దాని ముఖం తీరు అంతే. భయంతో బిగుసుకుపోయినా మనకు తెలియదు. ఆ ఏడాది డిసెంబరులోనే ఇన్‌స్టాగ్రామ్ ఇలాంటి ఫొటోల హ్యాష్‌ట్యాగ్‌ల కింద హెచ్చరిక పెట్టడం మొదలుపెట్టింది. ఇంత జరిగాక కూడా మన కరపత్రాల మీద అదే ఫొటో ఉండడం బాధ కలిగిస్తోంది. డాల్ఫిన్లకు చేపలు తినిపించి తాకనిచ్చే కార్యక్రమాలనూ తీసేయండి. దయచేసి మొదట కరపత్రం మార్చండి, ఎందుకంటే ప్రయాణికుడు అది చూసే అడుగుతాడు.

రెండోది, బయటి ప్రపంచంతో సంబంధం వద్దనుకుని అడవి లోపలే ఉంటున్న ప్రజల పేరు చెప్పి టూరు అమ్మడం. యసునిలో తగాయెరి, తరోమెనానే ప్రజలు, పెరూలో మాను జాతీయ పార్కు వైపు మాష్కో పీరో ప్రజలు అలా ఉన్నారు. మనకు మూడు రోజుల్లో తగ్గే జలుబు వాళ్ళలో ఒక గుంపును మొత్తం తీసుకుపోగలదు. ఒడ్డున కనిపించినా పడవ ఆపకూడదు, బట్టలూ తిండీ విసరకూడదు, ఫొటో తీయకూడదు. ‘అదృష్టముంటే కనిపిస్తారు’ అని ఏ ఏజెంటైనా అంటే అతనితో వ్యాపారం మానేయండి.

మానౌస్ దగ్గర నృత్యం చేసి చూపించే కుటుంబాల గురించి కూడా ఒక మాట. వాళ్ళను ‘నకిలీ’ అని కొట్టిపారేసే వీడియోలు కొన్ని చూశాను. అది అన్యాయం. రియో నెగ్రో నది ఎగువ నుంచి పనికోసం, చదువుకోసం దిగివచ్చిన దెస్సానా, తుకానో వంటి ప్రజలు చాలామంది అక్కడ ఉన్నారు. పాట వాళ్ళదే. తప్పంతా అరగంటలో ముగించి, చెప్పుకోదగ్గ డబ్బివ్వకుండా, ఒక్క ప్రశ్న అడగకుండా పడవెక్కే మన పద్ధతిది. అక్కడికి వెళ్ళేట్టయితే రుసుము నేరుగా వాళ్ళకే కట్టండి, కూర్చుని మాట్లాడే సమయం ఇవ్వండి.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. మొదటిది తిండి. చాలా గ్రూపులతో మన వంటవాళ్ళను పంపుతున్నారు, పెద్దవాళ్ళకు అది ధైర్యం కూడా. కానీ ఊరు నడిపే లాడ్జిలో వంటగది ఆ ఊరి ఆడవాళ్ళకు జీతం వచ్చే చోటు. శాకాహారులు ఎంతమందో ముందే చెబితే వండిపెడతారు. అక్కడి ప్రధానమైన తిండి కర్రపెండలం. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో మన సగ్గుబియ్యం తయారయ్యేది ఆ దుంప నుంచే, దాని పుట్టిల్లు ఆ ఖండమే. దానితోపాటు అరటి, అన్నం, చిక్కుడు గింజలు, పళ్ళు. ఆవకాయ, కందిపొడి సీసాలు వెంట ఉంటే ఇబ్బందే లేదు, పొయ్యి మాత్రం వాళ్ళకు వదిలేయండి.

రెండోది గ్రూపు సంఖ్య. నలభై మందిని ఒకేసారి తెడ్డు పడవలో వాగులోకి పంపలేరు. బృందాన్ని చీల్చి ఒక సగాన్ని కీటోలో, ఒక సగాన్ని అడవిలో ఉంచి మార్చుకోండి. బుకింగుకు ముందే లాడ్జివాళ్ళనే అడగండి, ఎంతమందికి వీలవుతుందో వాళ్ళు చెబుతారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు చెట్ల పైకి కట్టిన టవరు ఎక్కడం కష్టమే, కానీ పడవలో కూర్చునే చూడదగినది చాలా ఉంది.

మూడోది ఆరోగ్యం. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించాలి. ఆ దేశాల నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళ దగ్గర సర్టిఫికెట్ లేకపోతే క్వారంటైన్‌లో ఉంచుతారు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఈ టీకా వేస్తారు. చివరి వారంలో టెన్షన్ పడకుండా టికెట్ల రోజే ఈ సంగతి చెప్పండి.

ఇంకొకటి, చెప్పడానికి మొహమాటపడకూడనిది. పడవలో బ్లూటూత్ స్పీకరు వద్దు. అంత్యాక్షరి రాత్రి భోజనం దగ్గర పెట్టుకోవచ్చు. డ్రోను ఎగరేసే ముందు ఊరి అనుమతి అడగాలి, వద్దంటే వద్దు. పిల్లల ఫొటోలకూ అదే నియమం. బయల్దేరే ముందు మీరు పెట్టే మీటింగులో వీసా, కరెన్సీలతోపాటు ఈ నాలుగు మాటలూ చెబితే, గైడు ప్రతి మలుపులో వేలు పెదవుల మీద పెట్టుకోవాల్సిన అవసరం రాదు.

ఆదివాసీ పేరు తగిలించుకున్న ప్రతి లాడ్జీ ఆదివాసీలది కాదు. బుక్ చేసే ముందు అడగండి. నేల ఎవరి పేర ఉంది? లాడ్జి ఎవరిది? కంపెనీ కూడా ఉంటే ఒప్పందం ఎన్నాళ్ళు, వాటా ఎంత? గైడ్లలో ఆ ఊరివాళ్ళు ఎందరు? అతిథులను వద్దనే హక్కు ఊరికి ఉందా? నిజంగా ఊరిదే అయితే ఈ ప్రశ్నలకు వాళ్ళు సంతోషంగా జవాబిస్తారు. జవాబు విన్నాక ధర గురించి మరీ గీచిగీచి బేరమాడకండి. ఈక్వడార్‌లో అచువార్ ప్రజల నేల మీద 1996లో ఒక కంపెనీ మొదలుపెట్టిన కపావి లాడ్జి 2008లో వాళ్ళ చేతికొచ్చింది. రోడ్డు లేదు, చిన్న విమానంలోనే చేరాలి. అందుకే నడపడం కష్టమై ఒడుదొడుకులు చూసింది. దూరం వల్లే అడవి మిగిలింది, దూరం వల్లే ఖర్చూ పెరిగింది. ఆ ఖర్చు ఎందుకో మీ ప్రయాణికులకు చెప్పండి, మనవాళ్ళు అర్థం చేసుకుంటారు. సొమ్ము కూడా వీలైనంతవరకు మధ్యలో ముగ్గురు ఏజెంట్ల చేతుల మీదుగా కాకుండా నేరుగా లాడ్జికే పంపండి.

ఒకేసారి అన్ని టూర్లూ మార్చమని అడగడం లేదు. రాబోయే సీజనుకు ఒక్క బ్యాచ్‌తో మొదలుపెట్టండి. ఆ బ్యాచ్‌ను మూడు రాత్రులకు తగ్గకుండా అడవిలో ఉంచండి. కరపత్రంలో ‘అమెజాన్ అడవి’ అని రాసిన చోట ఆ ఊరి పేరు, ఆ ప్రజల పేరు కూడా అచ్చు వేయండి. కిచ్వా అయితే కిచ్వా, ఎసే ఎహా అయితే ఎసే ఎహా. ఆ కరపత్రం వచ్చిన రోజున దాన్ని నాకు తెలిసిన అందరికీ పంపే బాధ్యత నాది.

ఇట్లు,
మీ టూర్లలో ప్రయాణించే తెలుగువాళ్ళలో ఒకరు